కత్తిరి ఎండలో బిడ్డకు ప్లాస్టిక్ చొక్కానా?

పోస్టు ఎప్పటి మాదిరే పొడుగు. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడే చదవండి, లేనివాళ్ళు రాత్రి భోజనం అయినాక చదవండి. చదవకుండా చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టకండి.

మన మహిళా విభాగం నుంచి వచ్చిన వాట్సాప్ సందేశం చూసినాను. ఈ సంవత్సరం మన కుటుంబాల్లో పుట్టే ప్రతి బిడ్డకు, ఊయలలో వేసే నాడు, సంఘం తరఫున చేత్తో అల్లిన ఒక చొక్కా, ఒక టోపీ ఇస్తారట. మంచి పని. స్టీల్ గిన్నె మీద సంఘం పేరు చెక్కించి ఇచ్చేదాని కన్నా వెయ్యి రెట్లు మేలు. అయితే రెండో పేరాలో ఏముంది? నూలు వద్దు, అక్రిలిక్ ఉల్లన్ కొనండి, ధర తక్కువ, ఉతికేది సులభం, ఎండకాలానికి సన్నం రకం తీసుకుంటే చాలు. ఇంతే ఉంది.

ఈ రెండో పేరాతోనే నాకు గొడవ. రాసిన చెల్లెమ్మ మీద కోపం లేదు. అంగడివాడు చెప్పింది ఆమె రాసింది. కానీ సంఘం దుడ్డు పెట్టి కొనేటప్పుడు అంగడివాడి మాటను సంఘం మాటగా పంపించకూడదు.

మొదట పేరు సంగతి. మన పక్క అంగళ్ళలో దాన్ని ఉల్లన్ అంటారు. అందులో గొర్రె వెంట్రుక ఒక్కటి కూడా ఉండదు. అక్రిలిక్ అనేది పెట్రోలియం నుంచి తీసే రసాయనంతో చేసిన దారం. నైలాన్, పాలిస్టర్ దాని దాయాదులు. చలి దేశాల్లో గొర్రె ఉన్నికి చౌక బదులుగా అది వాడకానికి వచ్చింది. ఉబ్బుగా ఉండాలి, గాలిని లోపల పట్టి పెట్టాలి, ఒంటి వేడిని బయటికి పోనీయకూడదు. అది చేయవలసిన పని అది బాగానే చేస్తుంది. కొడైకానల్‌కు పోయేవాళ్ళు, ఢిల్లీలో కొడుకు ఇంటికి మార్గళి నెలలో పోయేవాళ్ళు కొనుక్కోండి, నేను అడ్డం రాను. ఎట్టయాపురంలో, విళాత్తికుళంలో, విరుదునగర్‌లో చిత్తిరై నెల కత్తిరి ఎండలో పుట్టిన బిడ్డకు ఒంటి వేడిని లోపల పట్టి పెట్టే చొక్కా ఎందుకు?

సన్నం రకం తీసుకుంటే చాలు అనే మాట చూడండి. సన్నగా ఉంటే చెమటను పీల్చుతుందా? నూలు వ్యాపారంలో బరువు తకరారు తేల్చేదానికి ఒక లెక్క ఉంది. దారం మామూలు గాలిలో ఉన్నప్పుడు ఎంత తేమను తనలో పట్టుకుంటుందో ఆ లెక్క. పత్తి నూలుకు 8.5 శాతం. అక్రిలిక్‌కు ఒకటిన్నర నుంచి రెండు శాతం. నాలుగు రెట్లకు మించిన తేడా. బిడ్డ మెడ కింద, చంకలో, వీపు మీద చెమట పడితే నూలు దాన్ని తీసుకుని గాలికి ఇచ్చేస్తుంది. అక్రిలిక్‌లో ఆ చెమట చర్మానికీ దారానికీ నడుమ నిలిచిపోతుంది. చెమటకాయలు లేస్తాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? పౌడర్ కొట్టి, దిష్టి తీస్తాం. చొక్కా విప్పేది మాత్రం తోచదు, ఏమంటే అది సంఘం ఇచ్చిన చొక్కా, ఫోటో తీయాలి.

ఇంకొక మాట. మన కుటుంబాల్లో శివకాశి, సాత్తూరు పక్క పటాకుల పనికి పోయేవాళ్ళు ఎందరో ఉన్నారు. అక్కడ సింథటిక్ బట్ట వేసుకుని మందు కలిపే గదికి పోకూడదు, నూలు బట్టే కట్టాలి అని చెప్తారు. రాపిడికి సింథటిక్ బట్టలో కరెంటు పుడుతుంది, దానికి భయం. నిప్పు తగిలితే అక్రిలిక్ కరుగుతుంది, కరిగింది చర్మానికి అంటుకుంటుంది. ఇది తెలిసి తండ్రి నూలు చొక్కా వేసుకుని పనికి పోతాడు. ఇంట్లో బిడ్డకు అక్రిలిక్ టోపీ పెట్టి, దాని పక్కనే కార్తీక దీపం పెడతాం.

ఇప్పుడు ధర. ఇక్కడ నాకు కొంచెం అధికారం ఉందని అనుకుంటాను. ముప్పై ఏళ్ళకు పైగా రైల్వేలో పార్శిల్ ఆఫీసులోనూ గూడ్స్ షెడ్డులోనూ మూటలు తూచి బిల్లు రాసినవాణ్ణి. ఉండ చూసి ధర చెప్పేవాళ్ళను నేను నమ్మను. అంగడిలో అక్రిలిక్ ఉండ ఒకటి, నూలు ఉండ ఒకటి పక్కపక్కన పెట్టి, ఇది చౌక అంటారు. ఎన్ని గ్రాములు? ఎన్ని మీటర్లు? ఎవరూ అడగరు. చొక్కా అల్లేది గ్రాములతో కాదు, మీటర్లతో. చీటీ మీద రెండూ అచ్చు వేసి ఉంటారు, కళ్ళజోడు పెట్టుకుంటే కనబడుతుంది. ధరను మీటర్లతో భాగించండి. ఒక మీటరుకు ఎంత అని వచ్చినాక మాట్లాడదాం.

ఈ లెక్కలో నాకు ఎదురుగా పోయే సంగతి ఒకటి ఉంది, అదీ చెప్తాను. అక్రిలిక్ తేలిక, పత్తి బరువు. అక్రిలిక్ సాంద్రత 1.17 అయితే పత్తికి 1.54. ఒకే లావు దారం ఒకే పొడుగు కావాలంటే నూలు దాదాపు మూడో వంతు ఎక్కువ బరువు కొనాలి. కాబట్టి అంగట్లో ఉండలుగా, రంగు కాగితం చుట్టి అమ్మే కాటన్ కొంటే చెల్లెమ్మ చెప్పిందే నిజం, నూలు ఖరీదే. కానీ కోవిల్‌పట్టి, అరుప్పుకోట్టై, రాజపాళయం నడుమ కూర్చుని మనం ఉండలుగా ఎందుకు కొనాలి? ఊరి చుట్టూ స్పిన్నింగ్ మిల్లులు పెట్టుకుని, ఎక్కడినుంచో లారీలో వచ్చిన యాభై గ్రాముల ఉండను అంగడిలో కొనే తెలివి మనకు ఎప్పుడు వచ్చింది?

నూలును చిట్టంగా కొనాలి. ఆంధ్రలో చిలప అంటారు, మనకు చిట్టం అంటేనే తెలుసు. నేతవాళ్ళ ఇండ్లలో పుట్టినవాళ్ళకు ఈ లెక్క చెప్పాల్సిన పని లేదు, మిగిలినవాళ్ళ కోసం రాస్తున్నాను. ఒక చిట్టం పొడుగు 840 గజాలు, అంటే 768 మీటర్లు. ఒక పౌండు బరువులో ఎన్ని చిట్టాలు వస్తాయో అదే కౌంటు. ఇరవై చిట్టాలు వస్తే 20 కౌంటు, నలభై వస్తే 40 కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నం. నేతవాళ్ళు కొనే కట్ట పాత లెక్కలో పది పౌండ్లు, అంటే 4.54 కిలోలు. 20 కౌంటు కట్టలో 200 చిట్టాలు ఉంటాయి. ఒక్కొక్కటి 22.7 గ్రాములు.

20 కౌంటు ఒంటి దారంతో చొక్కా అల్లలేం, సాలెపురుగు గూడు మాదిరి వస్తుంది. ఎనిమిది దారాలు కలిపి మెలి తిప్పించాలి. దీన్ని డబ్లింగ్ అంటారు, ఆ పని చేసే చిన్న యూనిట్లు మిల్లులు ఉన్న ఊళ్ళలో ఉంటాయి. ఎనిమిది కలిపితే గ్రాముకు సుమారు 4.2 మీటర్లు వస్తుంది. వంద గ్రాములకు 420 మీటర్లు. ఇది బిడ్డ చొక్కాకు సరిగ్గా సరిపోయే లావు, 11 నంబరు సూదితో అల్లవచ్చు. పెద్దవాళ్ళకు చేతులు లేని వేసవి చొక్కా అల్లాలంటే 10 కౌంటు ఆరు దారాలు కలిపిస్తే గ్రాముకు 2.8 మీటర్లు వస్తుంది, మూడు వందల నుంచి నాలుగు వందల గ్రాములు పడుతుంది.

ఆరు నెలల లోపు బిడ్డకు చేతులు లేని చొక్కా ఒకటి 80 గ్రాములలో అవుతుంది. ఉడకబెట్టినప్పుడు పోయే బరువు, తెగి పోయే ముక్కలు తీసివేసినా ఒక కట్టలో యాభై చొక్కాలు వస్తాయి. టోపీ కూడా కావాలంటే కొంచెం తగ్గుతుంది. (ఎండకాలంలో టోపీ ఎందుకు అనేది వేరే పోస్టు.) మన సంఘంలో ఏడాదికి యాభై మంది బిడ్డలు పుడుతున్నారా? ఒక్క కట్ట తెస్తే ఒక సంవత్సరం సంగతి తీరిపోయింది. ఈ వారం కట్ట ధర ఎంతో అడగండి, డబ్లింగ్ కూలి కలపండి, యాభైతో భాగించండి. అక్రిలిక్ ఉండల బిల్లు దాని పక్కన పెట్టండి. నేను ధర రాయడం లేదు, ఏమంటే నూలు ధర వారానికి ఒక మాదిరి ఉంటుంది, రాసిన మరునాడే ఎవరో ఒకరు తప్పు పడతారు. కోశాధికారి మామ రెండు ఫోన్లు చేస్తే తేలిపోయే సంగతి ఇది.

ఒక హెచ్చరిక. నేతవాళ్ళ సహకార సంఘాలకు సబ్సిడీతో వచ్చే నూలును మనం అడగకూడదు. మిల్లులు కొంత నూలు చిట్టంగానే కట్టాలని కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది మగ్గం బతకాలని, మన బిడ్డల చొక్కాకు కాదు. మన ఎట్టయాపురంలోనే మగ్గం నేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వాటా తీసుకుని మనం ధర్మం చేయడం బాగుండదు. బయట నూలు వ్యాపారి దగ్గర పూర్తి ధర ఇచ్చి, బిల్లు తీసుకుని కొనాలి. అప్పుడు కూడా లాభమే.

కొనేటప్పుడు ఏమేమి చూడాలి? కార్డెడ్, కోంబ్డ్ అని రెండు ఉంటాయి. కోంబ్డ్ అంటే పొట్టి పీచు దువ్వి తీసేసింది. నూగు తక్కువ, మెత్తన ఎక్కువ. బిడ్డకు అదే తీసుకోండి, దీనిలో పిసినారితనం వద్దు. మెర్సరైజ్డ్ అని మెరిసేది ఒకటి ఉంది. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లీషు ఆయన కాస్టిక్ సోడాలో నూలును ముంచి చూసి కనిపెట్టిన పద్ధతి. గట్టిదనం వస్తుంది, మెరుపు వస్తుంది, రంగు బాగా పడుతుంది. పెద్దవాళ్ళు పెండ్లికి వేసుకునే చొక్కాకు బాగుంటుంది. బిడ్డకు అవసరం లేదు, దాని అదనపు ధర దండగ.

మెలి ఎంత ఉందో చూడండి. ఒక మీటరు దారం తీసుకుని, రెండు కొనలూ కలిపి పట్టుకుని, మడతను కిందికి వదలండి. అది తనంతట తాను గిరగిర తిరిగి ముడిపడిపోతే మెలి ఎక్కువ. దానితో అల్లిన చొక్కా ఒక పక్కకు వంకర పోతుంది, ఎంత ఇస్త్రీ చేసినా సరి కాదు. నేతలో పడుగుకు కావలసిన గట్టి మెలి, అల్లికకు పనికిరాదు. అందుకే వ్యాపారిని అడిగేటప్పుడు బనియన్ గుడ్డకు వాడే రకం, హోసరీ నూలు అని అడగాలి. తిరుప్పూరుకు పోయేది ఆ రకమే.

తెచ్చిన నూలును అట్లే అల్లకూడదు. మిల్లు నుంచి వచ్చిన పచ్చి నూలులో మైనం ఉంటుంది, నీళ్ళలో వేస్తే తేలుతుంది, చెమటను కూడా పీల్చదు. చిట్టాన్ని నాలుగు చోట్ల వదులుగా కట్టి, కొంచెం వాషింగ్ సోడా వేసి ఒక గంట ఉడకబెట్టాలి. నీళ్ళు టీ రంగుకు వస్తాయి. చూసినవాళ్ళు భయపడతారు, భయం వద్దు, అదంతా పత్తిలోని మైనమూ మట్టీ. రెండు నీళ్ళలో జాడించి నీడలో ఆరబెడితే దారం మెత్తబడుతుంది. అది కుంచించుకునేది కూడా అప్పుడే చాలా వరకు కుంచించుకుంటుంది. మా ఇంటామె దీన్ని పొంగలి కుండంత గిన్నెలో చేస్తుంది. ఇంతవరకు అన్నం గిన్నె ముట్టలేదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఉతికే సంగతి. అక్రిలిక్ ఉతికేది సులభం అనేవాళ్ళు బిడ్డను పెంచి చాలా కాలం అయినట్టు ఉంది. బిడ్డ చొక్కా మీద పడేది ఏమిటి? పాలు, వాంతి, మూత్రం, ఒళ్ళంతా పూసిన నూనె. మన ఇండ్లలో బిడ్డకు నూనె పట్టించకుండా నీళ్ళు పోస్తారా? నూనె జిడ్డు సింథటిక్ దారాన్ని సులభంగా వదలదు, నాలుగు ఉతుకులకు వాసన మొదలవుతుంది. వదిలించాలంటే కాగే నీళ్ళు కావాలి. కాగే నీళ్ళలో అక్రిలిక్ వేస్తే దాని ఉబ్బు చచ్చి, సాగి, నీరసమైన గుడ్డగా మిగులుతుంది. ఇస్త్రీ పెట్టె తగిలితే ఇంక చెప్పే పనే లేదు. నెల రోజుల్లో చంకల కింద చిన్న చిన్న ఉండలు లేస్తాయి, బిడ్డ వాటిని పీకి నోట్లో పెట్టుకుంటుంది.

రంగు వేయని తెల్ల నూలు చొక్కాను అవ్వ కాలం మాదిరి ఉడకబెట్టవచ్చు, బాదవచ్చు, ఎండలో వేయవచ్చు. పత్తికి ఒక గుణం ఉంది, తడిస్తే దాని బలం పెరుగుతుంది. అందుకే చాకలి రాయి మీద నూలు బట్ట ఇన్ని తరాలు తట్టుకుంది. మన బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు, బట్టల సబ్బు వేస్తే తెల్లగా విరిగి దారంలో కూర్చుంటుంది, కాబట్టి పౌడర్ వాడి బాగా జాడించండి. తెలుసుకోవలసింది ఒక్కటే: తడి నూలు అల్లికను దండెం మీద వేలాడదీయకూడదు. నీళ్ళ బరువుకు సాగుతుంది, చొక్కా గౌను అవుతుంది. మిద్దె మీద చాప పరిచి, దాని మీద గుడ్డ వేసి, చేత్తో సరి చేసి పరచండి. మన ఎండకు గంటలో ఆరిపోతుంది. ఇది కష్టమా? వడియాలు పెట్టే ఊరివాళ్ళం మనం.

రంగు కావాలి, తెల్లది సంఘం ఫోటోలో బాగుండదు అన్నారు ఒకరు. సరే, రంగు నూలు కొనండి. కొనే ముందు ఒక మూర దారం తడిపి తెల్ల గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి. గుడ్డకు రంగు అంటితే ఆ నూలు వద్దు. ఉప్పు వేస్తే, వినిగర్ వేస్తే రంగు నిలుస్తుంది అనే మాట ప్రతి గ్రూపులోనూ తిరుగుతూ ఉంటుంది. అద్దకంవాడు సరిగా పట్టించని రంగును మీ వంటింటి ఉప్పు పట్టించలేదు. ఉప్పు కూరలో వేయండి.

అంగట్లో ఇంకా కొన్ని పేర్లతో మోసం ఉంది. మిల్క్ కాటన్ అని మెత్తగా, అందంగా ఒకటి అమ్ముతారు. పేరులో పాలూ ఉన్నాయి, పత్తీ ఉంది, చీటీ తిప్పి చూస్తే చాలా వాటిలో అక్రిలిక్ కలిసి ఉంటుంది. బాంబూ నూలు అని ఇంకొకటి. వెదురు నుంచి తీసింది నిజమే కానీ దాదాపు అంతా విస్కోస్ పద్ధతిలో రసాయనంలో కరిగించి తీసిన దారం. చల్లగా ఉంటుంది, దాన్ని నేను తిట్టను. అయితే తడిస్తే బలం పోతుంది, రోజూ ఉతికే బిడ్డ చొక్కాకు నిలవదు. ఏది ఏదో తెలియకపోతే రెండంగుళాల దారం తెంపి, పట్టకారుతో పట్టి అగ్గిపుల్ల అంటించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. అక్రిలిక్ కలిస్తే కరిగి, నల్లగా గట్టిగా పూసలాగా మిగులుతుంది. కోవిల్‌పట్టి వాళ్ళకు అగ్గిపెట్టె ఎక్కడ దొరుకుతుందని నేను చెప్పనక్కర లేదు.

అల్లేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. ఇవి నావి కావు, మా ఇంటామెవి. నూలులో సాగే గుణం లేదు. ఉన్నిలో మాదిరి అంచు పట్టీ తనంతట తాను దగ్గరికి రాదు, అందుకని పట్టీని ఒకటి రెండు నంబర్లు సన్నం సూదితో అల్లాలి. మొదట నాలుగు అంగుళాల ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, తరువాత కొలవాలి. ఉతకక ముందు కొలిచిన కొలత కొలతే కాదు. గాలి ఆడాలని పెద్ద పెద్ద రంధ్రాల డిజైన్ పెట్టకండి, బిడ్డ వేళ్ళు ఇరుక్కుంటాయి. మెడ దగ్గర రిబ్బను ముడి వద్దు, భుజం మీద రెండు గుండీలు చాలు.

"ఇదంతా పాత కాలపు దేశభక్తి, కరిసల్ మట్టి పాట" అని యువజన విభాగం తమ్ముడు ఒకడు ఇంతకు ముందే నన్ను ఎగతాళి చేసినాడు. తమ్ముడూ, ఇంతవరకు నేను చెప్పిన దాంట్లో మట్టి పాట ఎక్కడ ఉంది? అంతా బరువు, పొడుగు, తేమ. ఇప్పుడు నువ్వే అడిగినావు కాబట్టి మట్టి సంగతి కూడా చెప్తాను. మన నల్లరేగడిలో పండిన కరుంగణ్ణి పత్తి తూత్తుకుడి రేవు నుంచి తిన్నెవెల్లి పత్తి అనే పేరుతో సీమకు పోయింది. కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1901లో పెట్టినారు, అది విడుదల చేసిన కరుంగణ్ణి రకాలకు ఈనాటికీ ఊరి మొదటి అక్షరం కె తోనే పేర్లు. మన ఎట్టయాపురంలో భారతియార్ తండ్రి చిన్నస్వామి అయ్యర్ పత్తి మిల్లు పెట్టి, నష్టపోయి, ఆ దిగులుతోనే పోయినారు. తూత్తుకుడి కోరల్ మిల్లు కూలీలు 1908లో సమ్మె చేస్తే, పక్క ఓట్టపిడారంలో పుట్టిన వ.ఉ.చిదంబరం పిళ్ళై వాళ్ళ పక్కన నిలబడినారు. తెలుగు మాట్లాడే రాజుల కుటుంబంలో పుట్టిన పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్లు మొదలుపెట్టినారు. ఈ నేల చరిత్ర సగం పత్తి చరిత్రే. అయినా నేను ఇందుకోసం నూలు కొనమనడం లేదు. ఈ చరిత్ర అంతా అబద్ధమైనా చెమటకాయల లెక్క మారదు. నూలు కన్నా అక్రిలిక్ బిడ్డకు మేలు చేస్తే నేనే ముందు పోయి కొంటాను, పెట్రోలియం మీద నాకు పగ లేదు.

ఎండకాలానికి చేతి అల్లిక అనేదే మనకు పొసగదు అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆంధ్రలో నరసాపురం పక్క పల్లెల్లో మన తెలుగు ఆడవాళ్ళు వంద ఏళ్ళకు మించి క్రోషా లేసు అల్లుతున్నారు, అంతా పత్తి దారంతోనే, గోదావరి జిల్లా ఉక్కలో కూర్చుని. సరుకు విదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మన్ ఆమె వాళ్ళ మీద 1982లో పుస్తకం రాసింది. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని అని చెప్పి వాళ్ళకు ఎంత తక్కువ కూలి ఇచ్చినారో అందులో ఉంది. ఇది మన సంఘం కూడా గమనించాలి. నూలు ధర మీద ఇంత చర్చ జరిగింది, ఒక చొక్కాకు పదిహేను ఇరవై గంటలు కూర్చుని అల్లే అక్కకు ఏమిస్తారని సందేశంలో ఒక్క మాట లేదు. సేవ అంటే సరే, అందరికీ సేవే కావాలి. హాలు వాడికి, వంటవాడికి, ఫోటోగ్రాఫర్‌కు దుడ్డు ఇచ్చి, అల్లిన ఆమెకు మాత్రం శాలువా కప్పితే అది సేవ కాదు. ఆ శాలువా కూడా పాలిస్టర్.

ఎదుటి పక్షం చెప్పినదాంట్లో ఒకటే నాకు సరి అనిపించింది. అరవై దాటిన ఒక అక్క ఫోన్ చేసి, నూలు చేతికి బరువు తమ్ముడూ, సాగదు, మణికట్టు లాగుతుంది, అక్రిలిక్ అయితే టీవీ చూస్తూ అల్లేస్తాను అన్నది. నిజమే. దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. స్టీల్ సూది బదులు వెదురు సూది, బిగించకుండా వదులుగా అల్లడం, అరగంటకు ఒకసారి చేయి దించడం. ఎనిమిది దారాలకు బదులు ఆరు దారాలు కలిపిస్తే చొక్కా ఇంకా తేలిక, చేతికి కూడా సుఖం, కానీ వరుసలు ఎక్కువ అవుతాయి. అంతకీ కుదరకపోతే ఆ అక్కలు టోపీ మాత్రం అల్లనీ, చొక్కా చిన్నవాళ్ళు అల్లనీ. చేయి నొప్పికి భయపడి బిడ్డకు ఉక్కపోత పెట్టేది నాకు ఒప్పుదల కాదు.

వచ్చే కమిటీ మీటింగులో నేను అడగబోయేది ముందే రాసి పెడుతున్నాను, తరువాత చెప్పలేదు అనకండి. అక్రిలిక్ ఆర్డరు ఆపాలి. 20 కౌంటు కోంబ్డ్ హోసరీ నూలు ఒక్క కట్ట, ఎనిమిది దారాల డబ్లింగ్‌తో, బిల్లు మీద కొనాలి. అల్లేవాళ్ళకు చొక్కాకు ఇంత అని కూలి తీర్మానంలో రాయాలి. రెండు రకాల ఖర్చూ పక్కపక్కన రాసి గ్రూపులో పెట్టాలి. లెక్క రాసే పని నేను ఊరికే చేస్తాను, నాకు శాలువా వద్దు. ఇప్పటికే అక్రిలిక్ కొనేసి ఉంటే అంగడికి తిప్పి ఇవ్వండి, తీసుకోకపోతే మార్గళిలో పుట్టే బిడ్డల కాళ్ళ మేజోళ్ళకు పెట్టుకోండి. రెండో పేరా మార్చి సందేశం మళ్ళీ పంపేదాకా నేను ప్రతి ఆదివారం గ్రూపులో అడుగుతూనే ఉంటాను. అడ్మిన్ తమ్ముడు నన్ను మ్యూట్ చేస్తే ఇంటికే వస్తాను, ఎట్టయాపురం ఎంత పెద్ద ఊరని.